అమ్మితే ఎంతొస్తది?

వాచీ కొనబోయే మనిషి మొదట ఏం అడగాలి? టైమ్ సరిగ్గా చూపిస్తుందా, చేతికి నప్పుతుందా, వానలో తడిస్తే ఆగిపోతుందా. నాకు తెలిసిన పాత ప్రశ్నలు ఇవి. ఇప్పుడు హైదరాబాద్‌లో నా చుట్టూ ఉన్నవాళ్లు, అంటే ముప్పై దాటి, హోమ్ లోన్ సగం తీర్చేసి, కంపెనీ షేర్లు చేతికొచ్చిన నాలాంటి సాఫ్ట్‌వేర్ జనం, ముందుగా అడిగేది ఒక్కటే. "రీసేల్ ఎలా ఉంది?"

ఇంకా కొననే లేదు. షోరూమ్ మెట్లు ఎక్కలేదు. చేతికి పెట్టుకుని చూసుకోలేదు. అప్పుడే దాన్ని వదిలించుకునే రోజు గురించి ఆలోచన. పెళ్లిచూపుల్లో కూర్చుని భరణం ఎంతివ్వాల్సొస్తుందని అడిగినట్టుంటుంది నాకు.

నేనేదో దీనికి అతీతుణ్ణని చెప్పట్లేదు. నా లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీట్ ఉంది. పద్నాలుగు వాచీలు, వాటి షోరూమ్ ధర, సెకండ్ హ్యాండ్ ధర, రెండింటి మధ్య తేడా. లాభమైతే ఆకుపచ్చ, నష్టమైతే ఎరుపు. ఆరు నెలలు శ్రద్ధగా అప్‌డేట్ చేశాను. ఒకరోజు మా ఆవిడ అది చూసి, "ఇందులో నీకు నచ్చింది ఏది?" అని అడిగింది. ఆ సంగతి రాసుకోవడానికి అందులో కాలమే లేదు. ఈ వ్యాసం ఆ షీట్ మీద కోపంతో రాస్తున్నాను.

నా వాదన ఇది. లక్షలు పోసి ఒక నగ కొనుక్కోవాలని మనకు ఉంది. నగ కొనుక్కుంటున్నామని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అందుకని దానికి పెట్టుబడి అని పేరు పెట్టి, రీసేల్ వాల్యూ చూపించి, మనకు మనమే పర్మిషన్ ఇచ్చుకుంటున్నాం. మోజు పెద్ద నేరమేం కాదు. ఈ అబద్ధమే మనల్ని పాడుచేస్తోంది.

సాహిత్య పత్రికలో వాచీల గోలేంటి అంటారా? "విలువ" అనే మాట అర్థం మన కళ్ల ముందే మారిపోతోంది. ఆ సంగతి మనం పట్టించుకోకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు?

*

లెక్క పేరుతో చేసే వాదన కాబట్టి ముందు లెక్కే చూద్దాం.

8 లక్షలకు ఒక స్విస్ వాచీ కొన్నారనుకోండి. జీఎస్టీ 18 శాతం. అంటే ఆ 8 లక్షల్లో సుమారు లక్షా 22 వేలు పన్నే. దిగుమతి సుంకం మిగతా దాంట్లో దాక్కుని ఉంటుంది. మీరు అమ్మేటప్పుడు వీటిని ఎవరూ తిరిగివ్వరు. అదే 8 లక్షలు ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేసి మర్చిపోతే, వడ్డీ మీద పన్ను సంగతి అలా ఉంచితే, పదేళ్లకు 15 లక్షల 70 వేలు దాటుతుంది. ఆ పదేళ్లలో మెకానికల్ వాచీకి సర్వీసింగ్ తప్పదు. ఆ బిల్లుతో మామూలు వాచీలు కొన్ని కొనుక్కోవచ్చు. ఇక అమ్మడానికి పోతే, మనం నెట్‌లో చూసి మురిసిపోయిన రేటు డీలర్ అమ్మే రేటని తెలుస్తుంది. కొనే రేటు వేరు. అతని అద్దె, జీతాలు, లాభం అన్నీ ఆ తేడాలోంచే రావాలి. ఇన్ని దాటుకుని మీ చేతికి 16 లక్షలు వస్తే మీరు బ్యాంకు డిపాజిట్‌తో సమానంగా నిలబడ్డట్టు. గెలిచినట్టు కూడా కాదు.

"రోలెక్స్ అయితే వేరే కథ బాస్" అంటారు. నిజమే, ధర నిలబెట్టుకునే పేర్లు కొన్ని ఉన్నాయి. రోలెక్స్, పటెక్ ఫిలిప్, ఓడెమార్ పిగే. వాటిలోనూ అన్నీ కావు, జనం ఎగబడే స్టీలు స్పోర్ట్స్ మోడళ్లు మాత్రమే. మిగతా పెద్ద పేర్లలో చాలావాటికి షోరూమ్ గుమ్మం దాటగానే ధర పడుతుంది, కొత్త కారుకు పడ్డట్టే. ఆ ఎగబడే మోడళ్లేమో డబ్బులు పట్టుకెళ్లినా దొరకవు. పేరు రాసుకుని పంపిస్తారు. లిస్టులో ముందుకు జరగాలంటే ఎవరూ అడగని వాచీలు ముందు ఒకటో రెండో కొని మంచి కస్టమర్ అనిపించుకోవాలని ఈ లోకంలో తిరిగేవాళ్లు చెవిలో చెప్తారు. వాటి మీద పోయిన డబ్బు ఎవరి ఎక్సెల్ షీట్‌లోనూ నేను చూడలేదు.

ధరలు ఎప్పటికీ పైకే పోతాయన్న నమ్మకం కూడా ఈ మధ్యే ఒకసారి పగిలింది. పటెక్ ఫిలిప్ తన నాటిలస్ 5711 స్టీలు వాచీని 2021లో ఆపేసింది. షోరూమ్‌లో 35 వేల డాలర్ల దగ్గర ఉండే ఆ వాచీ బయట లక్ష డాలర్లు దాటి అమ్ముడుపోయింది. ఆ డిసెంబర్‌లో టిఫనీ వాళ్ల నీలం రంగు డయల్‌తో చేసిన అదే మోడల్ ఒకటి న్యూయార్క్ వేలంలో 65 లక్షల డాలర్లు పలికింది. లాక్‌డౌన్‌లో మిగిలిన డబ్బూ క్రిప్టో డబ్బూ కలిసి వరదెత్తిన రోజులవి. వాచీ కూడా షేరే అని యూట్యూబ్ అంతా మోగింది. 2022 మొదట్లో ఆ ధరలు శిఖరానికి వెళ్లి, అదే ఏడాది దిగడం మొదలుపెట్టాయి. ఆఖర్లో ఎక్కినవాళ్లకు చేతిలో మిగిలింది టైమ్ చూసుకునే వస్తువే.

మన దగ్గర ఇంకో సంగతి. 2025 అక్టోబర్ 1 నుంచి భారత్-ఎఫ్టా ఒప్పందం అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద సుంకం విడతలవారీగా తగ్గిపోతుంది. కంపెనీలు ఆ మేరకు ధర తగ్గిస్తాయో లేదో వాళ్ల ఇష్టం. తగ్గిస్తే మాత్రం లాకర్లో ఉన్న మన పాత వాచీకి పోటీ కొత్త వాచీయే. అదే ఏడాది ఏప్రిల్ నుంచి పది లక్షలు దాటిన చేతి గడియారాల మీద ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తున్నారు. ప్రభుత్వం వాచీని ఏ వస్తువుల పక్కన పెట్టిందో తెలుసా? హ్యాండ్‌బ్యాగులు, నల్ల కళ్లద్దాలు, హెలికాప్టర్లు, పందెపు గుర్రాలు. విలాస వస్తువులని పేరు పెట్టింది. ఆదాయపు పన్ను శాఖకు ఉన్న స్పష్టత మనకు లేకుండా పోయింది.

*

ఈ రీసేల్ మతంలో అందరూ మొక్కే విగ్రహం ఒకటుంది. 2017లో న్యూయార్క్‌లో ఫిలిప్స్ సంస్థ వేలంలో ఒక రోలెక్స్ డేటోనా కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. అప్పటిదాకా వేలంలో ఏ చేతి గడియారానికీ అంత ధర రాలేదు. అది హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ వాచీ. "చూశావా, ఇదీ వాచీ అంటే" అని నాకు కనీసం ముగ్గురు చెప్పారు.

చూశాను. కథ మొత్తం చూశాను. ఆ వాచీ ఆయన భార్య జోన్ వుడ్‌వర్డ్ కొనిచ్చింది. ఆయనకు కార్ రేసుల పిచ్చి. జాగ్రత్తగా నడపమని వాచీ వెనక చెక్కించి ఇచ్చింది. ఆ రకం డయల్ ఉన్న డేటోనాలు ఆ రోజుల్లో షాపుల్లో సరిగ్గా కదిలేవే కావు. ఆమె మన లెక్క వేసి ఉంటే ఆ వాచీ కొనేదే కాదు. ఆయన దాన్ని ఏళ్ల తరబడి పెట్టుకుని తిరిగి, 1984లో కూతురి స్నేహితుడి చేతికి వాచీ లేదని తెలిసి, తీసి ఇచ్చేశాడు. కొన్న మనిషి, వాడిన మనిషి, ఇచ్చిన మనిషి, ఎవరూ అమ్మకం సంగతి తలవలేదు. వెనక ఉన్న ఆ నాలుగు మాటలకు, ఆ గీతలకు, ఆ ఇచ్చెయ్యడానికే చివరికి అంత ధర వచ్చింది.

మనం ఏం చేస్తున్నాం? పెట్టె పారేయకూడదు. వారంటీ కార్డు మడత పడకూడదు. గీత పడకూడదు, పడితే పాలిష్ చేయించకూడదు. వెనకున్న ప్లాస్టిక్ స్టిక్కర్ పీకకూడదు. పేరు చెక్కించడం మహాపాపం. ఆరు లక్షల వాచీ బ్యాంకు లాకర్లో పెట్టి, స్మార్ట్‌వాచీ కట్టుకుని ఆఫీసుకొచ్చే మిత్రుడు నాకున్నాడు. ఎప్పుడో కొనబోయే ఆ ముక్కూమొహం తెలియని మనిషికి జీతం లేని కాపలాదారు అతను.

పటెక్ ఫిలిప్ వాళ్లు 1996లో మొదలుపెట్టిన ప్రకటనలు గుర్తున్నాయా? తండ్రీ కొడుకుల ఫొటో. ఈ వాచీ నిజానికి మీది కాదు, వచ్చే తరం కోసం మీరు చూసుకుంటున్నారంతే అన్న అర్థం వచ్చే మాట. ఎంత తెలివి! భోగాన్ని ఒక్క వాక్యంతో బాధ్యత చేసేశారు. మన రీసేల్ వాదన దానికి హైటెక్ సిటీ వెర్షన్. అక్కడ కొడుకు పేరు చెప్పి కొనేవాళ్లు, ఇక్కడ మార్కెట్ పేరు చెప్పి కొంటున్నాం. నాకు కావాలి, అందుకే కొన్నాను అనే ధైర్యం రెండు చోట్లా లేదు.

*

"అమ్మితే ఎంతొస్తది?" అనే ప్రశ్న మాత్రం నాకు కొత్తది కాదు. నేను దాన్ని రోలెక్స్ పేరు వినకముందే మా ఇంట్లో విన్నాను.

మాది రాజంపేట. అనగానే అందరూ రాయలసీమ రాజంపేట అనుకుంటారు. మాది కామారెడ్డి జిల్లాలోది. మగవాళ్లు గల్ఫ్‌కు, ఆడవాళ్లు బీడీ చాటల ముందుకు. మా వైపు చాలా ఇళ్ల కథ రెండు ముక్కల్లో ఇంతే. నా చిన్నప్పుడు ఊళ్లో వాచీలు కూడా రెండు రకాలే. ఒకటి హెచ్ఎంటీ, రెండోది దుబాయ్ వాచీ.

హెచ్ఎంటీ పెళ్లికొడుకుల వాచీ. సైకిలు, రేడియో పక్కన మామ పెట్టాల్సిన వస్తువు. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన సర్కారు వాచీ. జనతా, పైలట్, కాంచన్, సోనా. 1980లలో టైటాన్ క్వార్ట్జ్ వాచీలు వచ్చాక వెనకబడి, 2016లో కేంద్ర ప్రభుత్వం మూసివేతకు ఒప్పుకోవడంతో ముగిసింది. ముగిశాక ఏమైంది? కలెక్టర్లు దిగారు. పెట్టె అడుగున పడున్న జనతాకు ధర వచ్చింది. ధర రాగానే పాత మెషిన్ మీద కొత్తగా రంగేసిన డయళ్లు, పైలట్ పేరు అచ్చేసిన నకిలీలు కూడా వచ్చాయి. రీసేల్ మార్కెట్ మొదట పట్టించుకున్న రోజే ఆ వాచీకి మొదటి అబద్ధం అంటుకుంది.

ఆ పేరుకు ఇంకో బతుకు కూడా ఉంది. మన ఇళ్లలో వండుకునే హెచ్ఎంటీ బియ్యం ఉంది చూశారూ, ఆ పేరు వాచీదే. మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లాకు చెందిన దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు 1980లలో ఆ వరి రకాన్ని ఎంపిక చేసి తయారుచేశాడు. అప్పట్లో జనం మెచ్చిన వాచీ పేరే దానికి వచ్చింది. ఆ విత్తనం రాష్ట్రాలు దాటి పాకింది. ఆయనకు దాని మీద చెప్పుకోదగ్గ డబ్బు రాలేదు. 2018లో చనిపోయాడు. కంపెనీ మూతపడ్డాక కూడా ఆ పేరు రోజూ మన కంచాల్లోకి వస్తోంది. నా షీట్‌లో దీన్ని ఏ కాలమ్‌లో రాయాలి?

ఇక దుబాయ్ వాచీ. సీకో, సిటిజన్, కాసియో. బాగా సంపాదించాడని పేరున్నవాడికి గీతలు పడని రాడో. మా బాపు షార్జాలో సెంట్రింగ్ పని చేసి 1998లో తిరిగొచ్చినప్పుడు చేతికి సీకో 5 ఉంది. బ్యాటరీ లేదు, కీ ఇవ్వక్కర్లేదు, చెయ్యి ఊపితే నడుస్తుంది. ఊళ్లో పిల్లలమంతా దాన్ని చెవికి పెట్టుకుని వినడానికి వరస కట్టేవాళ్లం.

2002లో కరువు. మా రెండు బోర్లూ ఎండిపోయాయి. మూడోది వేయించాలి. పైసలు లేవు. అమ్మ పుస్తెలతాడు గిరివి పెట్టడానికి కామారెడ్డి పోయాం. నాకు పన్నెండేళ్లు, వెంట నేనూ ఉన్నాను. సేటు తాడును గీటురాయి మీద గీకి, తూకం వేసి, కాగితం మీద ఒక అంకె రాశాడు. బాపు అనుకున్న దానికి తక్కువే వచ్చింది. కాసేపు నిలబడి, చేతి వాచీ తీసి తక్కెడ పక్కన పెట్టాడు. సేటు దాన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్లీ బాపు వైపు జరిపాడు.

"దీనికేం రాదన్నా. పెట్టుకో."

బస్సులో అమ్మ మెడలో పసుపుతాడు ఉంది, బాపు చేతికి వాచీ ఉంది. మూడో బోరు రెండు కార్తులు నీళ్లు పోసింది. గిరివి మీద వడ్డీ పెరిగి పెరిగి అసలును దాటింది. పుస్తెలతాడు మునిగిపోయింది, మళ్లీ ఇంటికి రాలేదు. సీకో మాత్రం ఇప్పటికీ బాపు చేతికే ఉంది. రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పోతుంది. పొద్దున్నే రేడియో పెట్టుకుని సరిచేసుకుంటాడు.

ఇన్నేళ్ల తర్వాత ఈ వ్యాసం రాస్తూ దీంట్లో నాకు గొప్ప సత్యమేదో దొరికిందనుకున్నాను. రీసేల్ ఉన్నది ఇల్లు దాటిపోయింది, రీసేల్ లేనిదే మనకు మిగిలింది! పోయిన నెల ఊరికి పోయినప్పుడు అమ్మకు చెప్పాను. అమ్మ ఆకు కత్తిరిస్తూ తలెత్తకుండానే అన్నది:

"మిగిలిందంటవేంది బిడ్డా? ఆనాడు దానికి పైసలొస్తే అది సుత అమ్ముతుంటిమి. ఇంకో యాభై ఫీట్లు దింపుతుంటిమి. నీకు రాసుకోనీకి కథ గావాలె. గప్పుడు నాకు నీళ్లు గావాలె."

నా సిద్ధాంతం అక్కడే కూలిపోయింది. కూలిపోవాల్సిందే. అమ్ముడుపోని వస్తువులోని అందం గురించి పాట పాడటం కడుపు నిండినవాడి పని. అమ్మకు బంగారం అంటే కరువు సంవత్సరం కోసం మెడలో వేసుకున్న బీమా. తరుగు ఎంత, కూలి ఎంత, ఎన్ని గ్రాములు అని ఆమె కొనే రోజే అడిగేది. ఆ ప్రశ్నలో భయం ఉంది, అనుభవం ఉంది. అబద్ధం లేదు. అవసరం పడింది, అమ్మింది. అడిగిన ప్రశ్నకు తన మెడతో జవాబు చెప్పింది.

నా సంగతి చూడండి. నాకు పీఎఫ్ ఉంది, హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, మ్యూచువల్ ఫండ్స్ ఉన్నాయి. రేపు ఉద్యోగం పోతే నేను మొదట వాచీ అమ్మడానికి పరుగెత్తను. నా జీవితంలో వాచీ అమ్మి వేయించాల్సిన బోరు లేదు. అలాంటప్పుడు ఆ ప్రశ్న నా నోట్లోకి ఎలా వచ్చింది? ఎత్తుకొచ్చాను. బతకడానికి మా అమ్మ అడిగిన ప్రశ్నను, షోకు కోసం నేను అరువు తెచ్చుకున్నాను. పొదుపు చేసే ఇంట్లో పుట్టాను కాబట్టి ఖర్చు పెట్టేటప్పుడు కూడా పొదుపు మాటలే మాట్లాడితే తప్పు చేసినట్టు అనిపించదు. మన తరం పల్లెటూరి పిల్లలు చాలామంది చేస్తున్న దొంగపని ఇదే. రీసేల్ మాట ఎత్తినప్పుడల్లా మా అమ్మ పసుపుతాడును షోరూమ్ బిల్లుకు పిన్ను కొట్టినట్టుంటుంది.

"మరి కొనొద్దంటావా?" అంటారు. అలా అనట్లేదు. ఒక చిన్న యంత్రం బ్యాటరీ లేకుండా, వందకు పైగా విడిభాగాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నడవడం నాకు ఇప్పటికీ అద్భుతమే. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఆ గేర్ల ముందు నాకు ఏ సిద్ధాంతమూ గుర్తుండదు. కొనండి. కొన్న రోజే ఆ 8 లక్షలను ఖర్చు కింద రాసేయండి, టూర్‌కు వెళ్లొచ్చినట్టు. అలా రాయడానికి చెయ్యి వణికితే ఆ వాచీ మీ స్థాయిది కాదని అర్థం. రీసేల్ ఎంత ఉన్నా ఆ సంగతి మారదు. రాయగలిగితే స్టిక్కర్ పీకేయండి. వెనక ఎవరి పేరైనా చెక్కించండి. గీతలు పడనివ్వండి.

ఇది మనకు చేతకాని పనేం కాదు. ఇంట్లో పుస్తకాల అలమారా చూడండి. తెలుగు పుస్తకానికి రీసేల్ ఎంత? ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కుప్ప పోసి అమ్ముతుంటే తెలుస్తుంది. అయినా ఇల్లు మారిన ప్రతిసారీ ఆ అట్టపెట్టెలు మోసుకుంటూ పోతున్నాం. మార్జిన్లలో పెన్సిల్‌తో గీతలు గీస్తున్నాం. మొదటి పేజీలో పేరు రాసుకుంటున్నాం. దాన్ని ఎవరూ పెట్టుబడి అనలేదు, మనమూ సంజాయిషీ చెప్పుకోలేదు.

నా ఎక్సెల్ షీట్‌ను నేను డిలీట్ చేయలేదు. ఒక కాలమ్ కలిపాను. పైన "అమ్మకపోతే?" అని రాసి, పద్నాలుగు వాచీల ముందూ జవాబు రాయడానికి కూర్చున్నాను. పదమూడింటి ముందు రాయడానికి నాకు ఒక్క మాట కూడా దొరకలేదు. పద్నాలుగో దాని ముందు మూడు వాక్యాలు రాశాను. షీట్‌లో అన్నిటికంటే ఎర్రగా ఉన్నది అదే.